రెండువందల పట్టాభిషేకాలు

కుందవరం రాజు కేశరివర్మకు ఒక పొద్దున కొత్త సరదా పుట్టింది. రాజ్యంలో పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు పెద్దయ్యాక ఏమవ్వాలనుకుంటున్నారో తనకు తెలియాలన్నాడు. రాజుగారికి ఏదైనా తెలియాలనిపించిందంటే మిగతావాళ్ల పని అయిపోయినట్టే.

విద్యాధికారి వాచస్పతి బయల్దేరాడు. పల్లకీ, పట్టుశాలువా, ముందు బాకాలు, వెనక గొడుగు. బడి బడికీ వెళ్లి, పల్లకీ దిగి, "పెద్దయ్యాక ఏమవుతారర్రా?" అని అడిగాడు. వారం తిరిగేసరికి కొలువులో మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

"ప్రభూ, రెండువందల మందిని అడిగాను. అందరూ విద్యాధికారులే అవుతామన్నారు. నా ప్రభావం అటువంటిది మరి."

రాజు మురిసిపోయి అక్కడికక్కడే శాసనం చేశాడు. పిల్లలు ఏం చెబితే అదే ఖాయం. పౌర్ణమి నుంచి అందరూ ఇళ్లు వదిలి వాచస్పతి పాఠశాలలో చేరాలి.

మర్నాడు కుమ్మరి ఓబులేసు వచ్చి, కొలువులో మాటకారి అని పేరున్న చెంగల్రాయుడి గుమ్మంలో కూలబడ్డాడు. పక్కనే పదమూడేళ్ల కూతురు సుంకులు. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది.

"సారె ముందు కూర్చుంటే ఈ పిల్లకు తిండి కూడా గుర్తుండదయ్యా. కుండ నాకంటే నున్నగా చేస్తుంది. దీన్ని తీసుకుపోతారంట."

"మరి విద్యాధికారి అవుతానని ఎందుకన్నావే తల్లీ?"

"ఆయన అంత పెద్ద పల్లకీ దిగి అడిగితే, కుండలు చేస్తానని ఎట్లా చెప్పను తాతా?"

చెంగల్రాయుడు పిల్ల తల నిమిరాడు. ఆ వెంటనే అతనికి నవ్వు వచ్చింది. తిన్నగా కొలువుకు వెళ్లి వాచస్పతి ముందు చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, రేపు పిల్లలు మాట మారిస్తే?"

"పదమూడేళ్ల వయసు కోరిక రాతి మీద చెక్కినట్టు. మారదు."

"ఎవరడిగినా?"

"సాక్షాత్తూ ప్రభువులే అడిగినా."

"అయితే ప్రభువులే ఒకసారి అడిగితే ముచ్చటగా ఉంటుంది. వాళ్లేం చెప్పినా శాసనం ప్రకారం ఖాయమే కదా?"

"ఖాయమే," అన్నారు రాజూ వాచస్పతీ ఒక్కసారే.

పిల్లలంతా కొలువుకు వచ్చారు. రాజు కిరీటం సర్దుకుని ముందుకు వంగాడు.

"చెప్పండర్రా, ఏమవుతారు?"

పిల్లలు సింహాసనం చూశారు. దాని బంగారు కాళ్లు చూశారు. అటూ ఇటూ ఊగుతున్న వింజామరలు చూశారు.

"రాజు," అన్నాయి రెండువందల గొంతులు.

రాజు రెండు చేతులతో సింహాసనాన్ని గట్టిగా పట్టుకున్నాడు. వాచస్పతి శాలువాను ముఖం మీదికి లాక్కున్నాడు. చెంగల్రాయుడు వినయంగా ముందుకొచ్చాడు.

"పౌర్ణమికి ఇంక నాలుగు రోజులే ఉన్నాయి ప్రభూ. రెండువందల పట్టాభిషేకాలకు ముహూర్తం పెట్టించమంటారా?"

రాజుకు విషయం అర్థమైంది. కిరీటం తీసి పక్కన పెట్టి, మెట్టు మీద కూర్చుని, ముందున్న సుంకులును దగ్గరికి పిలిచాడు.

"భయపడకుండా నిజం చెప్పు. నీకు రాజు పని కావాలా?"

"ఇక్కడ మట్టి దొరకదు కదండీ. నాకొద్దు."

రాజు పడీపడీ నవ్వాడు. శాసనం రద్దయింది. చెంగల్రాయుడి మెడలో ముత్యాల హారం పడింది.

"వాచస్పతి పల్లకీ కూడా నీదేనయ్యా," అన్నాడు రాజు.

"హారం చాలు ప్రభూ. పల్లకీ ఎక్కితే నాకూ ఎవరూ నిజం చెప్పరు."

కొలువంతా గొల్లున నవ్వింది. ఆ రోజు వాచస్పతి ఇంటికి నడిచే వెళ్లాడు.