సుంకవ్వ గంప

చెప్తా, వినండి. గుట్టలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఒక గుట్ట కింద ఒక ఊరుండేది. ఎటు చూసినా మక్క చేన్లే. ఆ చేన్లన్నిటికీ ఎగువన సుంకవ్వ చెలక. ఆమెకు మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఆ చిన్న చెలకే ఆమె తిండి.

ఒక యేడు మక్క విరగకాసింది. కంకులు పాలు పోసుకున్నాయి. కోతలు దగ్గరపడ్డాయనగా సుంకవ్వ చెలకలో పురుగు పడింది. కంకి పీచు నల్లబడింది. ఒలిస్తే గింజల మధ్య పురుగులు లుకలుకలాడుతున్నాయి.

ఊరి పటేలు వచ్చాడు. పక్క చేను ఓదెలు వచ్చాడు. మరిది సాంబయ్య వచ్చాడు.

"ఈ పురుగు ఒక చేను తిని ఇంకో చేనుకు పాకుతది. నీ చెలక కాల్చెయ్ సుంకవ్వా, ఊరు బతుకుతది," అన్నాడు పటేలు.

"సగం కంకులు ఇంకా మంచిగనే ఉన్నయి పటేలా. కాల్చి నేనేం తినాలె?"

"కోతలైనంక నీ గంప నేను నింపుత," అన్నాడు పటేలు.

"నేనూ నింపుత," అన్నాడు ఓదెలు.

"నేను నింపనా వదినా?" అన్నాడు సాంబయ్య.

సుంకవ్వ చెలక చుట్టూ కాలువ తవ్వింది. మక్కను కోసి, ఎండు గడ్డి కప్పి, తన చేత్తోనే నిప్పు పెట్టింది. కాలిన కంకుల వాసన ఊరంతా కమ్మగా పరుచుకుంది. ఆ వాసనకు పిల్లలకు ఆకలి పుట్టింది.

పురుగు అక్కడితో ఆగింది. ఊరి కల్లాలు నిండాయి.

సుంకవ్వ గంప పట్టుకుని పటేలు ఇంటికి పోయింది. "పురుగు పట్టిన చెలకే గదా, ఎట్లయినా పోయేదే," అన్నాడు పటేలు. ఖాళీ గంపతో తిరిగొచ్చింది.

ఓదెలు ఇంటికి పోయింది. "ఈసారి గింజ సన్నమొచ్చిందక్కా, వచ్చే పంటకు చూద్దాం," అన్నాడు ఓదెలు. ఖాళీ గంపతో తిరిగొచ్చింది.

సాంబయ్య ఇంటికి పోయింది. "వాళ్లిద్దరూ ఇయ్యనియ్ వదినా, తర్వాత నేనిస్త," అన్నాడు సాంబయ్య.

"కాల్చమననీకి మాత్రం ముగ్గురూ ఒక్కసారే వచ్చిండ్రు," అంది సుంకవ్వ. ఖాళీ గంపతో తిరిగొచ్చింది.

ఆ చలికాలమంతా గుట్ట మీద గడ్డలు తవ్వుకు తింది. అవీ దొరకని నాడు తన చెలకలోనే పడి చనిపోయింది.

మరుసటి యేడు మళ్లీ పురుగు పడింది. ఈసారి ఓదెలు చేన్లో.

"కాల్చెయ్ ఓదెలూ. నీ గంప మేం నింపుతం," అన్నాడు పటేలు.

ఓదెలు పటేలు మొహం చూశాడు. సాంబయ్య మొహం చూశాడు. కాల్చలేదు.

పురుగు ఒక చేను తిని ఇంకో చేనుకు పాకింది. ఆ యేడు ఊళ్లో ఒక్క కల్లం నిండలేదు.

ఇప్పటికీ ఆ దిక్కున ఎవరైనా మాట ఇస్తే, "సుంకవ్వ గంప కాదు గదా?" అని అడుగుతారు. మక్క కోతకొచ్చినప్పుడు మొదటి గంప ఆమె చెలకలో పోసి, దండం పెట్టి వస్తారు. ఆకలిగొన్నవాళ్లెవరైనా అందులో ఒక కంకి తీసుకోబోతే, కర్ర పట్టుకుని తరుముతారు.

"ముట్టకు, అది సుంకవ్వది," అంటారు.