ఒద్దికైన ఆవు

ఆవులకు కూడా సభామర్యాద నేర్పబోయిన రాజు ఒకడు వెనకటికి ఉండేవాడు. పేరు ప్రచండవర్మ.

ఒకనాడు పొరుగుదేశపు రాయబారులకు గోశాల చూపిస్తుండగా, ఎదకొచ్చిన ఆవొకటి పెద్దగా అరుస్తూ పక్క ఆవు మీదికి ఎక్కింది. రాయబారులు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజుకు తల కొట్టేసినట్టయింది.

"ఆవుల్ని ఒకదానికొకటి అందకుండా కట్టెయ్యండి. అరిచినదాన్ని చీకటికొట్టంలో తొయ్యండి. నోరెత్తకుండా ఒద్దికగా నిలబడ్డ ఆవు దగ్గరికే ఆబోతును తోలండి!" అని శాసించాడు.

"ఎదకొచ్చిన ఆవే అరిచేది దొరా. అప్పుడు దాన్ని దాచేస్తే చూడి కట్టదు," అన్నాడు గోశాల కాపరి లచ్చన్న. రాజు వింటేగా!

కాలం గడిచింది. ఒక్క ఆవూ ఈనలేదు, ఉన్నవి వట్టిపోయాయి. చంటి రాకుమారి పాలకోసం ఏడుస్తోంది. పాలు లచ్చన్నే అమ్ముకుంటున్నాడని రాజు మండిపడి, అతన్ని చెరలో వేయించాడు. మర్నాడు ఆలుబిడ్డలతో సహా రాజ్యం దాటించమన్నాడు.

విదూషకుడు మల్లుభట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నిజం నేను రాబడతాను ప్రభూ. ఈ ఒక్కపూటకు వంటశాల పెత్తనం ఇప్పించండి."

రాజు సరేనన్నాడు. మధ్యాహ్నం దాటినా విస్తరి పడలేదు.

"ఆకలి! ఎవరక్కడ?" అని అరిచాడు.

మల్లుభట్టు వచ్చి, "ఏలినవారు కేకలేయడం మర్యాద కాదు," అంటూ తలుపు మూసి వెళ్లాడు.

అరిచి అరిచి, సాయంత్రానికి రాజు నీరసించి వాలిపోయాడు. అప్పుడు వచ్చాయి పంచభక్ష్య పరమాన్నాలు.

"ఇప్పుడెందుకయ్యా? ఆకలి చచ్చిపోయింది. అడిగినప్పుడు పెట్టాలిగాని!"

"ఆవులూ అప్పుడే అడిగాయి ప్రభూ."

రాజు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. లచ్చన్న పెళ్లాంబిడ్డలు గుర్తొచ్చి సిగ్గుతో చితికిపోయాడు. వేలి ఉంగరం తీసి మల్లుభట్టు చేతిలో పెట్టి, తానే చెరసాలకు నడిచాడు.

"తప్పు నాది లచ్చన్నా," అన్నాడు, ముఖం చూడలేక నేల చూస్తూ.

"నా సంగతి తర్వాత దొరా. చీకటికొట్టంలో ఎర్రావు పొద్దుట్నుంచీ అరస్తా ఉంది, ఇక్కడికి వినబడతానే ఉంది. ఆలస్యమైతే ఎద చల్లారిపోద్ది."

రాజు పరుగున వెళ్లి స్వయంగా గడియ తీశాడు.

ఏడాది తిరిగేసరికి ఎర్రావు ఈనింది. అప్పుడు అదే రాయబారులు మళ్లీ వచ్చారు. మాటల మధ్యలో గోశాల నుంచి ఇంకో ఆవు అరుపు వినబడింది. రాజు ముఖం ఎర్రబడింది. అయినా లేచి నిలబడ్డాడు.

"మన్నించండి, మీకన్నా ముందు దాని మాట వినాలి. లచ్చన్నా, ఆబోతు!" అని కేకేసి, ఎర్రావు పాలు అతిథులకు అందిస్తూ మనసారా నవ్వాడు.