నూకరత్నం పూలజడ

తల ఇటు పెట్టు తల్లీ. కదలకు, చిక్కు తీస్తున్నా. ఇందాక అద్దం ముందు మూతి ముడుచుకుని, "నా ఒక్కదానికే ఈ ఉంగరాల జుట్టు ఎందుకు అమ్మమ్మా, ఇంట్లో ఎవరికీ లేదుగా" అని అడిగావా లేదా? దానికి జవాబుంది. కాని ముప్ఫై ఏళ్ళు బళ్ళో సైన్సు చెప్పినదాన్ని, తిన్నగా చెప్తే పాఠం అయిపోతుంది, నువ్వు గుర్రు పెడతావు. అందుకని కథలో చెప్తా. ఊఁ కొట్టు మరి.

అనగనగనగా, గోదారి లంకల్లో ఒక ఊళ్ళో పేరంటాలు అని ఒకావిడ ఉండేది. ఊరి చుట్టూ పూలతోటలే. పేరంటాలు పెళ్ళికూతుళ్ళకి పూలజడలు కట్టేది. ఆవిడ కట్టిన జడ వేసుకుంటే పెళ్ళికొడుకు తాళి కట్టడం మానేసి ఆవిడ వెనక్కి వెళ్ళి జడ చూసేవాడట!

పేరంటాలుకి చదువు రాదు. ఆవిడ అత్తగారికీ రాదు. మరి ఏ పువ్వు పక్కన ఏ పువ్వు గుచ్చాలో ఎలా గుర్తుండేది? ఒక్కో జడకీ ఒక్కో పూసల దండ ఉండేది. ఎరుపు, తెలుపు, పసుపు, నలుపు, అంతే, నాలుగే రంగులు. మూడు పూసలు కలిస్తే ఒక పువ్వు. ఎరుపు, ఎరుపు, తెలుపు అంటే మల్లె. పసుపు, నలుపు, పసుపు అంటే బంతి. అలా ఇరవై రకాల పూలకి గుర్తులు. కొన్ని పూలకి రెండు మూడేసి గుర్తులుండేవి. నిన్ను బుజ్జీ అన్నా, బంగారూ అన్నా పలుకుతావుగా, అలాగన్నమాట.

దండ మొదట్లో ఉండే మూడు పూసల పేరు 'లాభం'. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అని మొదలెడతాం చూడు, అదే. చివర్లో ఉండే మూడు పూసల పేరు 'ముడి'. ముడి వచ్చిందంటే ఇంక మాట్లాడకుండా దారం తెంపెయ్యాలి.

ఒక్కో దండకీ రెండేసి పేటలు, తాడు పేనినట్టు మెలితిరిగి ఉండేవి. ఒక పేటలో ఎరుపుంటే ఎదురుగా రెండో పేటలో తెలుపు. ఒకదాంట్లో పసుపుంటే రెండోదాంట్లో నలుపు. "ఒక పేట చాలుగా అత్తా, రెండోది దండగ" అని పేరంటాలు కొత్తకోడలప్పుడు అంది. "ఉండనీవే, అదేం నిన్ను అన్నం పెట్టమందా?" అని అత్తగారు కసిరింది.

ఆ అత్తగారు పోతూ పోతూ ఒక్కటే మాట చెప్పింది. దండలు, అవి దాచే భోషాణం పెట్టె ఉన్న గది గడప దాటకూడదు. అందుకని తోడికోడలు బుల్లెమ్మ ఆ గదిలో కూర్చుని, కావలసిన దండ చూసి, ఒంటిపేట నకలు ఎక్కించి అరుగు మీదికి తెచ్చేది. పేరంటాలు ఆ నకలు మూడేసి పూసలు లెక్కపెట్టుకుంటూ పూలు గుచ్చేది. పనయ్యాక నకలు విప్పేసి, పూసలు డబ్బాలో పోసేవాళ్ళు.

ఇంకో చిత్రం విను. లావు పూలు పక్కవాటిని తోస్తాయి, సన్నపూలు ఒదిగిపోతాయి. అందుకని వరస సరిగ్గా ఉంటే జడ తనంతట తనే వంపు తిరిగి, పెళ్ళికూతురి వీపుకి అతుక్కుపోయేది. వరస తప్పితే ఆ వంపు వచ్చేది కాదు.

అలా ఉండగా ఒకనాడు వరహాలు అనే పిల్ల వచ్చింది. మూడు రోజుల్లో పెళ్ళి. వచ్చి అరుగు మీద కూలబడి ఏడుపు.

"పెద్దమ్మా, మా అమ్మ నూకరత్నం నేను పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడే పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. అమ్మ ఎలా ఉండేదో నాకు తెలీదు. పెళ్ళినాడు అమ్మ మీ అత్తగారు కట్టిన జడ వేసుకుందట. నాకు ఆ జడే కావాలి."

పేరంటాలు కొంగుతో ఆ పిల్ల కళ్ళు తుడిచింది. "ఏడవకే పిచ్చిమొహమా. భోషాణంలో మీ అమ్మ జడ దండ ఉంది. అచ్చం అదే కడతా, సరేనా?" అంది.

పెళ్ళి గోధూళి ముహూర్తానికి. ఆ పొద్దున్నే బుట్టలతో పూలు దిగాయి. బుల్లెమ్మ గదిలోకి వెళ్ళి నకలు ఎక్కించడం మొదలెట్టింది. 'లాభం' మూడు పూసలూ ఎక్కించింది. ఆ తర్వాత మొదటి పువ్వు తాలూకు తొలిపూస వచ్చింది. తొలిపువ్వు ఎప్పుడూ దేవుడికే కదా! మహా భక్తురాలు మన బుల్లెమ్మ. డబ్బాలోంచి ఆ ఎర్రపూస తీసి, నకలుకి ఎక్కించకుండా కళ్ళకద్దుకుని దేవుడి పటం ముందు పెట్టేసి, మిగతావి ఎక్కించింది.

అప్పుడేమైందో తెలుసా? ఒక్క పూస తగ్గేసరికి అన్ని పూసలూ ఒకడుగు ముందుకి జరిగాయి. ఎరుపు, ఎరుపు, తెలుపు రావలసిన చోట ఎరుపు, తెలుపు, పసుపు వచ్చింది. అంటే మల్లె బదులు గన్నేరు. దాని పక్కన బంతి బదులు తామర. పేరంటాలు పూస చెప్పినట్టే గుచ్చింది. కట్టడం అయ్యేసరికి జడ తేలు కొండిలా పైకి లేచి కూర్చుంది.

"ఓసి నీ భక్తి తగలెయ్య! పువ్వు దేవుడికి పెడతారు గాని పూస పెడతారుటే?" అని పేరంటాలు లబలబలాడింది. బుల్లెమ్మ లెంపలేసుకుని మళ్ళీ గదిలోకి పరిగెత్తింది.

రెండోసారి తొలిపూస సరిగ్గానే ఎక్కించింది. కాని దండ మధ్యకి వచ్చి చూస్తే ఏముంది? ఇందాక తను అరుగు మీదుండగా ఎలుక వచ్చి ఒక పూస కొరికేసింది! నలుపు, నలుపు, ఆ తర్వాత ఖాళీ. అక్కకి చెప్తే తిడుతుంది. ఏం పెట్టాలి? 'పెళ్ళికి ఎరుపు మంచిది' అనుకుని ఎర్రపూస పెట్టేసింది.

నలుపు, నలుపు, ఎరుపు. అది ఏమిటో తెలుసా? 'ముడి'! పేరంటాలు సగం జడ దగ్గర ఠక్కున దారం తెంపింది. చూస్తే జానెడు లేదు. పెళ్ళికూతురికి పెడితే జడలా ఉండదు, పిలకలా ఉంటుంది. అప్పుడు బుల్లెమ్మ ఏడుస్తూ ఎలుక సంగతి చెప్పింది.

పొద్దు వాలుతోంది. పెళ్ళివారింట్లో సన్నాయి మొదలైంది. పేరంటాలు గదిలోకి వెళ్ళి దండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆ పిల్లకి మాటిచ్చానే బుల్లెమ్మా. వాళ్ళమ్మ జడే కడతానని మాటిచ్చాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకు వెళ్ళను?" అని కళ్ళొత్తుకుంది.

అలా ఒత్తుకుంటూ దండ తిప్పింది. ఎలుక కొరికింది ఒక పేటనే. రెండో పేట నిక్షేపంలా ఉంది! ఖాళీకి ఎదురుగా నల్లపూస. నలుపుకి ఎదురుగా ఉండేది ఏమిటి? చెప్పు, నిద్రపోతున్నావా? ఆఁ, పసుపు! నలుపు, నలుపు, పసుపు అంటే సన్నజాజి.

"అత్తా, నీ కాళ్ళకి దణ్ణం! దండగ అన్న నా నోరు పడిపోను!" అని పేరంటాలు లేచింది. ముందు ఒక పసుపు పూస తెచ్చి కొరికిన చోట గుచ్చి, దండ బాగుచేసింది. ఆ తర్వాత బుల్లెమ్మ మూడో నకలు తెచ్చింది. ఆ తర్వాత మల్లె, బంతి, సన్నజాజి వరసగా పడ్డాయి. జడ చక్కగా వంపు తిరిగింది.

వరహాలు ఆ జడ వేసుకుని గౌరీపూజకి కూర్చుంది. అప్పుడు వాళ్ళ నాన్న సూరన్న కొబ్బరికాయల పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చాడు. వెనకనుంచి చూశాడు. పళ్ళెం చేతిలోనే ఉండిపోయింది.

"నూకరత్నం..." అన్నాడు.

వరహాలు వెనక్కి తిరిగింది. "అమ్మ ఇలాగే ఉండేదా నాన్నా?"

"ఇలాగేనమ్మా. అచ్చం ఇలాగే" అన్నాడు. అంటూనే ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు. స్తంభం చాటున పేరంటాలు ముక్కు చీదుకుంటూ, "నువ్వెందుకే ఏడుపు, కాటుక కారుతుంది" అని బుల్లెమ్మని కసిరింది.

ఇంక నీ సంగతికొద్దాం. నీ ఒంట్లో కోట్ల కోట్ల చిన్నచిన్న ఇళ్ళున్నాయి. వాటిని కణాలంటారు. ఇంచుమించు ప్రతి ఇంట్లో ఒక భోషాణం గది, అందులో రెండు పేటల దండలు. వాటి పేరే డీఎన్ఏ. కథలో జడకో దండ గాని, ఇక్కడ ఒక్కో దండలో బోలెడు జడల లెక్కలుంటాయి; అందులో ఒక్కో జడకి సరిపోయే ముక్క ఒక జన్యువు. బుల్లెమ్మ తెచ్చే నకలు ఆర్ఎన్ఏ. కట్టాక వంపు తిరిగి, పనికొచ్చే జడ ప్రోటీను. నీ వెంట్రుక కూడా ప్రోటీనేనే పిల్లా! అది ఉంగరాలు తిరగాలా, తిన్నగా ఉండాలా అన్నదాంట్లో పూసల మాట చాలా ఉంటుంది. ఆ దండలు సగం అమ్మ ఇస్తుంది, సగం నాన్న ఇస్తాడు. వాళ్ళకి వాళ్ళ అమ్మానాన్నలిచ్చారు.

మరి ఈ ఉంగరాలు ఎవరివంటావా? మీ తాతయ్యవి. నవ్వకు! ఆ నున్నటి గుండు మీద ఒకప్పుడు ఎన్ని ఉంగరాలో! పెళ్ళిలో నేను పెట్టిన జీలకర్రా బెల్లం ఆ జుట్టులో చిక్కుకుని మూడు రోజులకి గాని వదల్లేదు. మీ అమ్మకి రాలేదు, కాని దాని భోషాణంలో దాక్కుని నీ దాకా వచ్చాయి. తాతయ్య తల మీద జుట్టు పోయింది గాని పూసలు ఎక్కడికీ పోలేదు.

ఇందాక నువ్వు అద్దం ముందు మూతి ముడిస్తే నాకు ఒళ్ళు మండింది, తెలుసా? ఈ ఉంగరాలు చూసే కదే నేను ఆయనతో పెళ్ళికి ఊఁ అన్నాను!

కథ కంచికి, పూసలు పెట్టెకి,
తాతయ్య ఉంగరాలు మనవరాలి నెత్తికి,
కళ్ళు మూసుకో, పోదాం మనం నిద్రమ్మ ఇంటికి.