గీతలు నిండుగానే ఉన్నాయి

మదారు తాత మాట కువైట్‌కు చేరడం లేదు. రెండు శుక్రవారాలుగా ఇదే వరస. తకియాలో వైఫై చూసుకునేది నబిరసూల్ కనుక తప్పు తన చేతిలోనే ఎక్కడో ఉందని అతనికి తెలుసు. ఎక్కడుందో మాత్రం తెలియడం లేదు.

తకియా అంటే పెద్ద కట్టడమేమీ కాదు. దారిన పోయే ఫకీర్లు దిగడానికి ఎవరో పూర్వం గుట్ట కింద కట్టించిన రాతి ఇల్లు. ముందు హాలు, వెనక పొడవాటి వసారా, వసారా చివర తాత గది. గోడలు మూరెడు మందం. గుట్ట అడ్డం కావడంతో అక్కడ ఫోన్లకు టవరు అందదు. బయటి లోకంతో మాట్లాడాలంటే వైఫై ఒక్కటే దిక్కు.

తాత దూదేకుల ఇంట పుట్టినవాడు. నమాజు చేస్తాడు, తత్వాలు పాడతాడు, ఏ కులంవాళ్ళు వచ్చినా చాప చూపిస్తాడు. గొంతు ఎప్పుడూ పైకి లేవదు. ఆయన దగ్గర ఒకటే కట్టడి. కష్టం చెప్పుకోవాలంటే గదిలోనే చెప్పుకోవాలి, హాల్లో మంది ముందర కాదు. ఫోనులో చెప్పుకునేవాళ్ళకూ అదే మర్యాద. మనిషి కూర్చునే చాప మీద ఫోను పెట్టుకుని, దానికి ఎదురుగా ఆయన కూర్చుంటాడు. రికార్డు చేసి పంపమంటే పంపడు. అవతలి మనిషి ఊపిరి వినపడకపోతే ఆయన నోట మాట రాదు.

రసూల్ బెంగుళూరులో ఆఫీసులకు నెట్‌వర్కులు అమర్చే ఉద్యోగం మానుకుని ఇక్కడికి వచ్చాడు. మౌనం నేర్చుకోవాలని వచ్చానన్నాడు. వచ్చిన వారంలోనే రూటరు విప్పాడు.

"ధ్యానానికి కూర్చోమంటే మరమేకులు ఏరుకుంటా కూర్చున్నాడు" అని వంట చూసుకునే మాబున్ని ఇప్పటికీ వచ్చినవాళ్ళకు చెప్పి నవ్విస్తుంది.

నిజానికి అతను చేసింది చిన్న పనేమీ కాదు. హాల్లో పెద్ద రూటరు పెట్టాడు. దానిలో కంపెనీవాళ్ళ సాఫ్ట్‌వేర్ తీసేసి, ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసుకున్న ఫర్మ్‌వేర్ ఎక్కించాడు. అక్కడి నుంచి వసారా పొడవునా వైరు లాగి, తాత గది గడప పైన గోడకు ఒక చిన్న పాత వైఫై పెట్టె బిగించాడు. రెండింటికీ వైఫై పేరు ఒకటే. ఫోను ఏది బాగా వినపడితే దాన్ని పట్టుకుంటుంది. ఏడాదిపాటు ఎవరూ వైఫై గురించి ఆలోచించే పని లేకుండా నడిచింది.

అప్పుడు ఫర్మ్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది.

రసూల్ దాన్ని హాల్లో రూటరులో ఎక్కించాడు. పాత సెట్టింగులన్నీ తుడిచేసి మొదటినుంచీ కొత్తగా పెట్టాడు. పవరు ఎంత ఉండాలని అడిగిన చోట, ఉన్నదంతా ఇచ్చాడు. హాల్లో కూర్చుని వేగం కొలిస్తే అంకె చూసి అతనికే ముచ్చటేసింది. వచ్చిపోయేవాళ్ళకు కూడా చూపించాడు.

ఆ శుక్రవారమే కాశింబీ ఫోను చేసింది.

కాశింబీ గాలివీడు వైపు మనిషి. కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటివాళ్ళు చుట్టాల దగ్గరికి పోతారు. అప్పుడు మిద్దెక్కి తాతకు ఫోను చేసుకుంటుంది. ఆ ఇంటివాళ్ళు ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా, వచ్చేయాలా అన్నది ఆమె అడగదలుచుకున్న మాట.

ఆమె గొంతు గదిలోకి గంటలా వచ్చింది. తాత బదులిచ్చాడు. అవతల వినపడలేదు.

"తాతా? ఉండావా తాతా?"

తాత మళ్ళీ పలికాడు.

"పలకవేమి తాతా? నామీద కోపమా?"

ఆమె ఏడవడం తాతకూ, గడప అవతలున్న రసూల్‌కూ స్పష్టంగా వినిపించింది. తర్వాత లైను తెగింది.

రసూల్ ఫోను తీసి చూశాడు. సిగ్నలు గీతలు నిండుగా ఉన్నాయి. ఇంత సిగ్నలు ఉండి మాట పోకపోవడం ఏమిటో అతనికి అంతుపట్టలేదు. కువైట్ వైపే ఏదో తేడా అయుంటుందనుకున్నాడు.

రెండో శుక్రవారమూ అంతే అయింది. ఈసారి రసూల్ ఆగలేకపోయాడు. తాత ఎదుట చాప మీదున్న ఫోను ఎత్తుకుని హాల్లోకి పరుగెత్తాడు. అక్కడ రూటరు పక్కన నిలబడితే మాట ఖణీమని పోయింది.

"అక్కా! నేను రసూలుని! తాత మాట నీకు అందడం లేదు, నేను చెప్తాండా, ఇను! ఓర్చుకో అక్కా! రెండేళ్ళు ఎంతలో పోతాయి? కండ్లు మూసి తెరిచేలోగా పోతాయి! ధైర్యంగా ఉండు! సంతకం పెట్టేయ్!"

హాల్లో కూర్చున్న జనమంతా తలలు తిప్పి చూశారు.

"సరేలే" అంది కాశింబీ. ఫోను పెట్టేసింది.

రసూల్ గదిలోకి వచ్చి, "చెప్పినా తాతా, ఆయమ్మ సరే అనింది" అన్నాడు.

తాత చాప మీద ఫోను ఉండిన చోటు చూస్తూ కూర్చున్నాడు.

ఆ వారమంతా రసూల్‌కు అన్నం రుచించలేదు. ఛానెళ్ళు మార్చి చూశాడు. వాటి వెడల్పు తగ్గించాడు, పెంచాడు. అన్నీ తుడిచి మళ్ళీ పెట్టాడు. ఇంటర్నెట్టులో ఈ ఫర్మ్‌వేర్ వాడేవాళ్ళు రాసుకునే చోట తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఒకడు ఇదంటే ఇంకొకడు అదన్నాడు. పవరుకు ఏ దేశం హద్దు ఆ దేశానిదే కనుక, చివరికి సెట్టింగుల్లో దేశం పేరు మార్చాడు. భారతదేశం తీసేసి, ఇంకాస్త ఎక్కువ పవరుకు ఒప్పుకునే దేశం ఒకటి చూసి పెట్టాడు.

"మనల్ని యా దేశానికి మార్చినావు నాయనా?" అంది మాబున్ని.

"పేరుకే లే అమ్మా."

"అట్లయితే రేప్పొద్దున కాశింబీ ఇంటికొచ్చినా మనల్ని చూడ్డానికి వీసా తీసుకోవాల్నేమో."

రసూల్‌కు నవ్వు రాలేదు.

మూడో శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం నమాజు అయింది. ఊరినుంచి వచ్చిన కబురు ఏమిటంటే, కాశింబీ కాగితాల మీద సంతకం పెట్టేది మరునాడే. ఫోను వస్తే ఈ పూటే రావాలి. రసూల్ ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకుని గది గడప దగ్గర కూర్చున్నాడు. మాబున్ని అదే గడపకు ఆనుకుని చేటలో కందిపప్పు ఏరుకుంటోంది. తాత లోపల టీ తాగుతున్నాడు.

"ఏం చేసినావు ఈసారి?" అన్నాడు తాత.

"పవరు ఇంకా పెంచినా తాతా. ఇంతకుమించి పోదు. హాల్లో పెట్టె పెట్టే కేక గుట్ట అవతలికి కూడా వినపడాల."

"అట్లనా?"

"ఔ తాతా. నీ ఫోనులో చూడు, గీతలు ఎంత నిండుగా ఉండాయో."

తాత ఫోను వైపు చూడలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"రసూలూ, హాల్లోకి పోయి నన్ను పిలువు."

"ఎందుకు తాతా?"

"పిలువు. ఎంత గట్టిగా పిలుస్తావో చూస్తా."

రసూల్ హాలు చివరికి వెళ్ళి నిలబడ్డాడు.

"తాతా!"

బదులు రాలేదు. జనం ఇతన్ని చూశారు.

"తాతా!"

ఏమీ లేదు. పెద్దాయనకు ఏమైనా అయిందేమోనని గుబులు పుట్టింది. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

"తాతా!!"

చూరులో పావురాలు రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయాయి. కునుకు తీస్తున్న ముసలాయన ఒకాయన ఉలిక్కిపడి, "యా అల్లా, ఏమాయె?" అని లేచి కూర్చున్నాడు. రసూల్ వసారాలో పరుగెత్తుకుంటూ వచ్చాడు.

తాత టీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని ఉన్నాడు.

"పలకవేమి తాతా?"

"పలికితి."

"ఎప్పుడు?"

"నువ్వు పిలిచినప్పుడంతా."

రసూల్ మాబున్ని వైపు చూశాడు. ఆమె పప్పులో రాయి ఏరి పక్కకు విసిరింది.

"పలికినాడు నాయనా. 'వస్తి, వస్తి' అంటానే ఉండె. నాకు ఈడికి బాగానే వినపడె."

"నాకు వినపడలేదే!"

"అయితే" అన్నాడు తాత, "ఇంకొంచెం గట్టిగా పిలిచుండాల్సింది."

మాబున్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రసూల్ కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

అతను తాతను చూశాడు. వసారా పొడవునా హాలు దాకా చూశాడు. తర్వాత, చేట ముందు పెట్టుకుని గడపలో కూర్చున్న మాబున్నిని చూశాడు.

"అమ్మా, తాత పలుకుతున్నాడని నువ్వు నాకు చెప్పుంటే అయిపోయుండునే."

"నన్నెవరు అడిగిరి? నీ కేక నీదే."

ఆమె తల మీద, గోడకు, చిన్న పెట్టె దీపం మిణుకుమంటోంది. రసూల్ ల్యాప్‌టాప్ తెరిచాడు. ఏ ఫోను ఏ పెట్టెను పట్టుకుని ఉందో చూపించే పేజీ అది. వారంనుంచీ రోజూ చూస్తున్నదే. తాత ఫోను హాల్లో పెట్టెను పట్టుకుని ఉంది. గడప మీది పెట్టెను పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ సున్నా ఉంది. ఆ సున్నాను అతను ఇప్పుడే చదివాడు.

హాల్లో పెట్టె కేక గోడలు దాటి తాత ఫోనును చేరుతోంది. అందుకే గీతలు నిండుగా ఉన్నాయి. ఫోను తన చిన్న గొంతుతో ఇచ్చే బదులు మాత్రం ఆ గోడలు దాటడం లేదు. బారెడు దూరంలో ఉన్న పెట్టె వైపు ఫోను చూడనే లేదు, ఆ కేక అంత గట్టిగా ఉంది మరి.

రసూల్ దేశం పేరు మళ్ళీ భారతదేశం చేశాడు. హాల్లో పెట్టె పవరు తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. హాలు మూలల్లో వేగం అంకె పడిపోయింది. అతను ఊరంతా చూపించుకున్న అంకె అది. తాత ఫోనులో గీతలు ఒకటొకటిగా తగ్గి, చివరికి ఒక్కటే మిగిలింది.

"ఉన్నది కూడా పాయెనా?" అంది మాబున్ని తొంగిచూసి.

ఆ ఒక్క గీత కూడా పోయింది. ఒక క్షణం ఫోను ఏ పెట్టెనూ పట్టుకోలేదు. తర్వాత గడప మీది చిన్న పెట్టె పక్కన సున్నా ఒకటయింది.

సాయంత్రపు అసర్ నమాజుకు కాస్త ముందు ఫోను మోగింది. తాత దాన్ని చాప మీద పెట్టుకుని పలికాడు.

"కాశింబీ."

"తాతా? నీ గొంతేనా? వినపడతాంది తాతా!"

తర్వాత ఆమె ఏడ్చింది. తాత ఏడవనిచ్చాడు. మాబున్ని చేట తీసుకుని లేచి వెళ్ళిపోయింది. గది మర్యాద తెలిసిన రసూల్ కూడా లేవబోయాడు. తాత అతని మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. ఫోనున్న చాప అతని వైపు తిప్పాడు.

"పోయినసారి మాట్లాడింది నువ్వే గదా. మాట్లాడు."

రసూల్ గొంతు సవరించుకున్నాడు. "అక్కా, నేను రసూలుని. అది ఏమైందంటే, కొత్త వెర్షన్ ఎక్కించినాక పవరు..."

"రసూలూ" అంది కాశింబీ. ఆ గొంతులో కోపం లేదు. "ఆ పొద్దు నువ్వు ఓర్చుకోమంటివి. దేన్ని ఓర్చుకోవాల్నో అడగకపోతివే నాయనా."

రసూల్ నోటిదాకా చాలా మాటలు వచ్చాయి. సమాధానాలు, క్షమాపణలు, ధైర్యం చెప్పే మాటలు. ఒక్కొక్కటీ వచ్చి పెదవుల దగ్గర ఆగింది. తాత కళ్ళు మూసుకుని ఉన్నాడు. కువైట్ మిద్దె మీద గాలి వీస్తున్న చప్పుడు, ఆమె ముక్కు చీదుకున్న చప్పుడు గదిలోకి వచ్చాయి.

"హలో... రసూలూ? లైను పాయెనా?"

అతను ఫోనుకు దగ్గరగా జరిగాడు.

"లేదక్కా. చెప్పు."