మొగలేటి వాటాలు

అనగనగా ఒక ఏరు. పేరు మొగలేరు. సముద్రం రోజుకి రెండుసార్లు చుట్టపుచూపుగా దాంట్లోకి వచ్చి, ఉప్పునీళ్లు పోసి, మళ్లీ వెళ్లిపోయేది.

ఆ ఏటి తగువులు తీర్చే పెద్ద పోలమ్మ. వలలు వేసేవాళ్లింటి ఆడపడుచు. ఆమెకి అనుమానం జాస్తి. కన్నకూతురు ముద్ద పెట్టినా ముందు కాకికి వేసి చూసేది.

పోయినేడు ఎవరో ఏటిగట్టు తెగ్గొట్టారు. ఉప్పునీరు చేలకెక్కి పంటంతా మాడిపోయింది. ఎవరి పనో తేలలేదు. అప్పట్నించి ఊళ్లో అందరూ ఒకరినొకరు ఓరకంట చూసుకుంటూ, కర్రలకి నూనె రాస్తున్నారు. అమావాస్య పెద్ద పోటు వచ్చేలోగా కొత్త గట్టు ఎక్కడ వెయ్యాలో పోలమ్మ చెప్పాలి. చెప్పకపోతే కర్రలే చెబుతాయి.

ముందు ఉప్పు పండించే గురువులు వచ్చాడు, గంపెడు ఉప్పుతో.

"అక్కా, గట్టే వద్దు. పోటునీరు రాకపోతే నా మడుల్లో ఉప్పెలా పండుద్ది? ఆ రైతు నాయుడు ఏరంతా మింగేద్దామని చూస్తున్నాడు. నే చెప్పేది అందరి మంచికే."

తర్వాత రైతు సత్తెంనాయుడు వచ్చాడు, కొత్తబియ్యం మూటతో.

"గట్టు ఏటి నోటికే అడ్డంగా కట్టించు పోలమ్మా. పోయినేడు తెగ్గొట్టింది గురువులుగాడే, నాకు తెల్సు. నేనడిగేది అందరి మంచికే."

ఆఖర్న ఓడల షావుకారు పేరయ్య వచ్చాడు, పట్టుచీరతో.

"తల్లీ, ఏట్లో వలలన్నీ పీకించెయ్. ఓడలు తిరిగితే ఊరు పట్నమైపోద్ది. అందరి మంచికే కదా!"

'ముగ్గురి నోటా ఒకటే మాట. అయితే ముగ్గురూ దొంగలే' అనుకుంది పోలమ్మ. తెచ్చినవన్నీ తిప్పి పంపేసింది. పట్టుచీరని మాత్రం ఒకసారి తడిమి చూసి పంపింది.

మర్నాడు ఒడ్డుకి పడవ చేరింది. పట్టిన చేపల్ని జాలర్లలో ఒకడు కుప్పలు పోశాడు. జాలర్లు తలో గుర్తు ఇచ్చారు. ఒకడు గవ్వ, ఒకడు పుల్ల, ఒకడు గులకరాయి. దారిన పోయేవాడెవడో కళ్లు మూసుకుని వాటిని కుప్పకొకటి చొప్పున పడేశాడు. ఎవరి గుర్తు పడ్డ కుప్ప వాళ్లది. తనకేది వస్తుందో తెలీదు గనక, కుప్పలు పోసినవాడు ఒక్క చేప కూడా అటూ ఇటూ చెయ్యలేదు.

రోజూ చూసేదే. ఆవేళ మాత్రం పోలమ్మ చూస్తూ నిలబడిపోయింది.

ముగ్గుర్నీ పిలిపించింది.

"తలో గుర్తూ ఇవ్వండి. గట్టు సంగతి మీరే తేల్చండి. తేల్చాక గుర్తులు పడేస్తాను. చేను పడ్డవాడు చేను దున్నాలి, మడి పడ్డవాడు ఉప్పు తియ్యాలి, ఓడ పడ్డవాడు ఓడ నడపాలి. ఏడాదంతా!"

పేరయ్య బొజ్జ పట్టుకున్నాడు. "నేను ఎండలో ఉప్పు తియ్యాలా!"

"తియ్యండి షావుకారూ, కాస్త కరుగుతారు" అన్నాడు గురువులు.

'మడి నాకే పడితే?' అనుకున్న నాయుడు గొంతు దించాడు. "ఏటి నోటికెందుకులే, గట్టు చేల అంచున చాలు."

'చేను నాకే పడితే?' అనుకున్నాడు గురువులు. "ఆ గట్టుకి నేనూ మట్టి మోస్తాను" అన్నాడు.

అప్పుడు నాయుడు పోలమ్మ వైపు ఓరగా చూశాడు. "మరి నీ గుర్తేది? వలలవాళ్లది నీ పుట్టిల్లు. అందర్నీ నువ్వు అనుమానిస్తావు, నిన్నెవరు అనుమానించాలి?"

పోలమ్మ మొహం మాడింది. మలుపు దగ్గర మంచి చేపలుండే మడుగుని తమ్ముళ్లకే అట్టేపెడదామని ఆమె అప్పటికే లోపల అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

చెవి కమ్మ తీసి ఆ గుర్తుల్లో కలిపేసింది. "ఇదిగో నాది. వల కూడా వాటాల్లోనే. మలుపు మడుగు అందరిదీ."

'వల నాకే పడితే?' అనుకున్నాడు పేరయ్య. "ఓడలకి నడిమి దారి చాలమ్మా. ఒడ్డువార వలలు ఉండనీ."

"ఇప్పుడు పడెయ్యనా?" అంది పోలమ్మ.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఎందుకక్కా? ఏది పడ్డా బతికెయ్యొచ్చు కదా. ఎవరి పని వాళ్లకే ఉండనీ" అన్నాడు గురువులు.

అమావాస్య పోటు వచ్చింది. ఊరంతా చేల అంచున కట్టిన కొత్త గట్టు మీద నిలబడింది, చేతుల్లో కర్రలకి బదులు పారలతో. నీరు ఎగిసి, గట్టుని తాకి, ఉప్పు మడుల్లోకి మళ్లిపోయింది. పోలమ్మ అప్పటికీ ఎక్కడైనా కారుతోందేమోనని ఈ చివర్నించి ఆ చివరికి నడిచి చూసింది. ఎక్కడా కారలేదు.

తన కుప్ప ఏదో తెలియని చెయ్యే వాటాలు సమంగా వేస్తుంది.