వకుళమ్మ రబ్బరు

అనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు, రాణీ లేదు, ఒక లైబ్రరీ ఉండేది. కాళ్ళు ఆడించకుండా వింటేనే చెప్తాను. ఆ లైబ్రరీ వెనక గదిలో ఒక పాత పుస్తకాల కొట్టు ఉండేది. జనం ఇళ్ళల్లో అక్కర్లేని పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళే కొందరు జీతం లేకుండా కూచుని వాటిని అమ్మిపెట్టేవాళ్ళు.

శనివారాలు అక్కడ వకుళమ్మ కూచునేది. చిన్నపిల్లల బళ్ళో ముప్పయ్యేళ్ళు పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. పుస్తకంలో పెన్సిలు గీత కనబడితే ఆవిడకి ఒళ్ళు మండేది. అందుకని ఏ పుస్తకం వచ్చినా రబ్బరు పుచ్చుకుని, మొదటి పేజీ నుంచి చివరిదాకా తుడిచి, పొట్టు ఊదేసి, అప్పుడు బీరువాలో పెట్టేది. తుడవమని ఎవరూ చెప్పలేదు. ఆవిడ చాదస్తం ఆవిడది.

ఒక శనివారం సుచరిత అనే పిల్ల వచ్చింది. పిల్లంటే నీ అంత కాదు, కాలేజీ చదువు అయిపోయిన పిల్ల. "లావుపాటి కథల పుస్తకం అండీ, ఎర్ర అట్ట. మా నాన్న తెలియక సంచీలో వేసి మీకు ఇచ్చేశారు" అంది.

వాళ్ళమ్మకి గొంతులో జబ్బు చేసి మాట పడిపోయిందిట. చివరి ఏడాదంతా ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, చెప్పాలనుకున్నదల్లా దాని అంచుల్లో పెన్సిలుతో రాసి కూతురికి చూపించేదిట. ఆ తర్వాత ఆవిడ పోయింది. ఆవిడ మాటలన్నీ ఆ పుస్తకంలోనే ఉండిపోయాయి.

అది వింటూనే వకుళమ్మ చేతిలో రబ్బరు కింద పెట్టేసింది. ఆ పుస్తకం ఆవిడకి బాగా గుర్తుంది. తుడిచి తుడిచి రెండు రోజులు బొటనవేలు నొప్పి పుట్టింది మరి. అయినా "అలాంటిది రాలేదమ్మా" అనేసింది. పెద్దవాళ్ళు కూడా అబద్ధాలాడతారు, ఏమనుకున్నావు?

రెండో శనివారం సుచరిత మళ్ళీ వచ్చింది. అరలన్నీ తనే వెతుక్కుంది. వెతగ్గా వెతగ్గా అడుగు అరలో ఎర్ర అట్ట పుస్తకం దొరికింది. గబగబా తెరిచి చూసింది. అంచులన్నీ తెల్లగా ఉన్నాయి. "ఇది మా అమ్మది కాదు" అని మళ్ళీ అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. వకుళమ్మ చూస్తూ కూచుంది. ఆ వారమంతా ఆవిడకి అన్నం సయించలేదు.

మూడో శనివారం సన్నగా వాన పడుతోంది. సుచరిత గుమ్మంలోకి రాగానే వకుళమ్మ ఆ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇదేనమ్మా మీ అమ్మ పుస్తకం. నేనే తుడిచేశాను. తెలిసీ నీకు అబద్ధం చెప్పాను" అంది.

సుచరిత అరవలేదు. "ఒక్క మాటైనా గుర్తుందా అండీ?" అని అడిగింది.

"చదవలేదమ్మా. తుడిచానంతే."

అప్పుడు సుచరిత పుస్తకం పుచ్చుకుని కిటికీ దగ్గర కూచుంది. పేజీని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంది. పట్టుకునేసరికి, కాగితం మీద పెన్సిలు నొక్కుకున్న గుంటలు కనిపించాయి. వేలితో తడుముకుంటూ కూడబలుక్కుని చదివింది.

"అన్నం తిన్నానని అబద్ధం చెప్పకు."

ఇంకో పేజీ తిప్పింది. "తడి జుట్టుతో పడుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

ఇంకోటి తిప్పింది. "డాక్టరు ముందు ఏడవద్దన్నానా లేదా?"

వకుళమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "దొరికాయి కదమ్మా" అంది. ఆ తర్వాత మెల్లిగా, "అన్నీ కోప్పడినవేనా?" అని అడిగింది.

"కోపం వస్తే అమ్మ నొక్కి రాసేదండీ" అంది సుచరిత. "ముద్దొస్తే పెన్సిలు ఆనీ ఆననట్టు రాసేది." ఖాళీగా ఉన్న అంచంతా వేలితో తడిమింది. నున్నగా ఉంది. "అవే పోయాయి."

పుస్తకం తడవకుండా కొంగులో చుట్టుకుని వానలోనే వెళ్ళిపోయింది.

వకుళమ్మ ఆ రబ్బరు పారేసిందంటే నీకు బావుంటుంది. పారేయలేదు. కళ్ళకి కనబడేట్టు బల్ల మీదే పెట్టుకుంది. అప్పట్నుంచి ఏ పుస్తకం వచ్చినా అంచుల్లో ఎవరేం రాశారో మొత్తం చదివి, అలాగే బీరువాలో పెట్టేది. సుచరిత మాత్రం మళ్ళీ ఆ కొట్టుకి రాలేదు.

ముక్కు ఎగబీల్చకు, కథేగా. నేను గట్టిగా కోప్పడతానని మీ అమ్మకి రోజూ చాడీలు చెప్తావు కదూ? చెప్పుకో. రేపు తడి జుట్టుతో మంచమెక్కి చూడు, ఇంకా గట్టిగా కోప్పడతాను.

కథ కంచికి, కళ్ళజోడు గూటికి, నువ్వూ నేనూ దుప్పట్లోకి.