గవ్వ లాగిన దుంగలు

పైడయ్య గారికి అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేం అడిగినా శ్రద్ధగా వినేవారు. ఆ తర్వాత తన చేతిలో ఏ పని ఉంటే ఆ పనిలోకి వాళ్ళనూ దింపేవారు. కొండవాలులో ఆయనకున్న చిన్న తోటే ఆయన ఆశ్రమం. వేదాంతం తెలుసుకుందామని అక్కడికి వచ్చినవాళ్ళు కలుపు తీయడం, పెంకులు సర్దడం, పశువులకు కుడితి పెట్టడం నేర్చుకుని వెళ్ళిన సందర్భాలే ఎక్కువ. అయినా వెళ్ళినవాళ్ళలో చాలామంది మళ్ళీ వచ్చేవారు.

ఒక ఏడు వానలు పట్టుకోబోయే ముందు సత్యవేణి ఆయన్ని అడిగింది: "అయ్యగారూ, మనవాళ్ళకు చేసే సాయం ఎక్కడ ఆపాలి?"

సత్యవేణికి అప్పటికి అరవై దగ్గర పడ్డాయి. పట్నంలో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక ఈ తోటకు వచ్చి ఉండిపోయింది. ఆమెకు చలపతి అని ఒక తమ్ముడు. కొండ దిగువ ఊళ్ళో భోజన హోటలు నడుపుతున్నాడు. హోటలు మూతపడే స్థితికి వచ్చిన ప్రతిసారీ అక్కకు కబురు పంపేవాడు. ఆమె వెళ్ళి, వంటవాళ్ళను కుదిర్చి, తెల్లారకముందే లేచి తానే పొయ్యి ముట్టించి, పోయిన బేరాలను మళ్ళీ రప్పించేది. ఆమె ఉన్నన్నాళ్ళూ అతను ఫ్యాను కింద కూర్చుని కనబడ్డవాళ్ళకల్లా మా అక్క చేతి సాంబారు తిని చూడండని గొప్పగా చెప్పేవాడు. ఆమె తిరిగొచ్చిన కొన్నాళ్ళకు హోటలు మళ్ళీ మొదటికి వచ్చేది. ఇప్పుడు మరోసారి కబురొచ్చింది.

"వాణ్ణి చంకనేసుకుని పెంచాను. వెళ్తే వాణ్ణి పాడుచేస్తున్నానేమో అనిపిస్తోంది. వెళ్ళకపోతే ముద్ద దిగదు" అంది.

పైడయ్య గారు అంతా విని తలూపారు. "గాలివానకు పడ్డ చెట్లు వాగు ఒడ్డునే ఉండిపోయాయమ్మా. దుంగలు కొట్టించి ఉంచాను. వాగు పొంగిందంటే మనకు వంటచెరుకు దక్కదు, వానాకాలమంతా పచ్చికట్టెలతో కళ్ళు మండించుకోవాలి. గవ్వను తోలుకెళ్ళి ఒక్కొక్కటే పైన కట్టెల కొట్టంలోకి చేర్చు" అన్నారు.

గవ్వ అంటే ఆ తోటలోని పొట్టి గుర్రం. గోధుమరంగు ఒళ్ళు, నుదుటి మీద గవ్వంత తెల్లమచ్చ. అంతకుముందు సంతలకు బస్తాలు మోసిన గుర్రమే గాని, మెడకు పట్టెడ కట్టించుకుని, వెనక గొలుసుతో దుంగ లాగడం దానికి కొత్త. మనిషిని ఇట్టే కనిపెట్టే జంతువది. ఎవరి దగ్గర బెల్లం ఉందో, ఎవరి దగ్గర జాలి ఉందో దానికి దూరం నుంచే తెలిసిపోయేది.

మొదటి దుంగకు గొలుసు తగిలించి సత్యవేణి అదిలించగానే గవ్వ బుద్ధిగా కదిలింది. ఎత్తు మొదలయ్యే చోట మాత్రం ఆగి, మెడ తిప్పి ఆమె వంక చూసింది. ఆ చూపుకు సత్యవేణి కరిగిపోయింది. "ఉండవే తల్లీ, నేనూ పడతాను" అని కొంగు బిగించి, వెనక్కి వెళ్ళి దుంగకు రెండు చేతులూ ఆనించి తోసింది. గుర్రం నడిచింది. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగితే గుర్రమూ ఆగింది. పొద్దు తిరిగేసరికి కొట్టంలోకి చేరినవి కొద్ది దుంగలే. ఆమె నడుం పట్టేసింది, రవిక తడిసి ముద్దయింది.

కొట్టం ముందు కట్టెలు చీలుస్తున్న పైడయ్య గారు గొడ్డలి పక్కన పెట్టి అడిగారు: "ఇవాళ దుంగలు ఎవరు లాగారమ్మా?"

"ఇంకెవరండీ, గవ్వే."

ఆయన లేచి గుర్రం మెడ నిమిరి, ఆ చెయ్యి ఆమెకు చూపించారు. చెయ్యి పొడిగా ఉంది. "ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నాను. నువ్వు తోస్తున్నంతసేపూ గొలుసు వదులుగానే ఉంది" అన్నారు. సత్యవేణి ముందు తెల్లబోయింది. తర్వాత గవ్వ తాపీగా గడ్డి నములుతున్న తీరు చూసి, నడుం పట్టుకుని మరీ నవ్వింది.

మర్నాడు ఆమె దుంగ జోలికి పోలేదు. గవ్వ యథాప్రకారం ఆగి వెనక్కి చూస్తే, తాను పక్కనున్న రాతి మీద కూర్చుని వాగు వైపు చూడసాగింది. గుర్రం ఎదురుచూసింది. తోక విసిరింది. అందినంత మేర గడ్డి పీకింది. ఈమె వల్ల ఇక లాభం లేదని తోచిందేమో, చివరికి ఒంగి తానే లాగింది. ఆ తర్వాత ఆగడం తగ్గింది. మధ్యాహ్నానికి కొట్టం సగానికి పైగా నిండింది. పాఠం అర్థమైపోయిందని సత్యవేణికి ప్రాణం తేలికపడింది. తమ్ముడికి ఏమని చెప్పి పంపాలో మనసులో మాటలు కూడా కూర్చుకుంది: నీ హోటలు, నువ్వే చూసుకో.

అందరూ భయపడ్డ మబ్బు ఆ సాయంత్రమే కొండ మీదికి ఎక్కింది. మిగిలింది ఒక్క దుంగ, అన్నింట్లోకీ లావుది. దారి మలుపులో అది ఒక వేరుకు అడ్డుపడి ఆగిపోయింది. గవ్వ తల వంచి లాగింది. గొలుసు కర్రలా బిగిసింది గాని దుంగ కదల్లేదు. గుర్రం మళ్ళీ లాగింది. గిట్టలు మట్టిలో జారాయి, ముందుకాళ్ళ మీద కూలబడి, లేచి, మళ్ళీ లాగింది. డొక్కలు ఎగసిపడుతున్నాయి. సత్యవేణి చేతులు అటువైపే పోతున్నాయి. అయినా చేతులు కట్టుకుని నిలబడింది. నేర్చుకున్నది నిలబెట్టుకోవాలి కదా అనుకుని పెదవి కొరుక్కుంది.

అంతలో పైనుంచి పైడయ్య గారు గునపం పట్టుకుని దాదాపు పరుగున దిగివచ్చారు. ఆ వయసులో ఆయన అలా పరిగెత్తడం తోటలో ఎవరూ చూసి ఉండరు. గునపం మొన దుంగ కిందికి దూర్చి, "చూస్తావేమిటమ్మా, పట్టు" అన్నారు. ఇద్దరూ కలిసి బరువంతా వేశారు. దుంగ వేరు మీదుగా ఎగిరి ఇవతల పడింది. ఆ ఊపుకు గవ్వ నాలుగు అంగలు ముందుకు తూలి, నిలదొక్కుకుని, మరి ఆగకుండా కొట్టం దాకా లాక్కుపోయింది. వాళ్ళు దాని వెనకే చేరేసరికి పెద్ద చినుకులు మొదలయ్యాయి.

గవ్వ ఒళ్ళంతా గోనెపట్టాతో సత్యవేణి గట్టిగా రుద్దుతోంది. ఆమెకు కొంచెం ఉక్రోషంగానే ఉంది. రుద్దుతూనే అంది: "నిన్న సాయం చేస్తే తప్పన్నారు. ఇవాళ చెయ్యకపోతే కసిరారు. నేను దేన్ని పట్టుకోవాలి అయ్యగారూ?"

పైడయ్య గారు నానిన ఉలవల తొట్టిని గుర్రం ముందుకు జరిపారు. "తప్పని నేననలేదు. గొలుసు వదులుగా ఉందన్నాను" అన్నారు. గుర్రం వంక చూసి, "నిన్న ఇది నీ వంక చూసిందమ్మా. ఇవాళ ఒక్కసారైనా తల తిప్పిందా?" అని అడిగారు.

సత్యవేణి చేతిలో గోనెపట్టా ఆగిపోయింది. బయట వాన బలంగా కురుస్తోంది. దిగువన వాగు చప్పుడు పెరిగింది. గవ్వ ఉలవలు నములుతూ, ఆమె ఆపేసిన చోట తుడవమన్నట్టు ఒళ్ళు ఆమెకు ఆనించింది. ఆమె మళ్ళీ తుడవసాగింది. తుడుస్తూ మెల్లగా అడిగింది: "అయితే మా తమ్ముడి దగ్గరకు వెళ్ళమంటారా, వద్దంటారా?"

"నేను గుర్రాన్ని చూశాను గాని మీ తమ్ముణ్ణి చూడలేదు కదమ్మా. వాన వెలిస్తే పొద్దున్నే కిందికి జీపు ఉంటుంది" అన్నారు పైడయ్య గారు. గునపానికి అంటిన మట్టి దులిపి మూల నిలబెట్టి, ఆమె వైపు తిరిగారు. "వస్తున్నానని కబురు మాత్రం పంపకు. దొడ్డి గుమ్మంలోంచి వెళ్ళి, ముందు గొలుసు ఎలా ఉందో చూడు."